ఖుంబు లోయలో యెతి జాడలు

ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ప్రయాణాల గురించి తెలుగులో చాలామంది రాశారు. మా నడక కూడా అదే దారిలో, నేపాల్‌లోని ఖుంబు లోయలో, మొదలైంది కానీ బేస్ క్యాంప్ దాకా వెళ్లలేదు. మేం చూడాలనుకున్నవి యెతి, అంటే మంచుకొండల్లో తిరుగుతుందని చెప్పే అంతుచిక్కని జంతువు, కథలున్న ఊళ్లు. ఖుమ్‌జుంగ్ గోంపాలో (బౌద్ధుల గుడిలో) యెతి నెత్తి అని చెప్పే చర్మం ఒకటి ఉంది. పాంగ్‌బోచె గోంపాలో యెతి చెయ్యి ఉండేది. మచ్ఛెర్మోలో 1974లో యెతి ఒక షెర్పా అమ్మాయి మీద పడి, ఆమె కాస్తున్న జడలబర్రెల్ని చంపిందని చెబుతారు. ఈ మూడు చోట్లకీ నడిచి వెళ్లి, అక్కడివాళ్ల నోట ఆ కథలు వినాలని బయలుదేరాం.

నాతో వచ్చింది మా అక్క భర్త. మా బావది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. మందస దగ్గర, మహేంద్రగిరి కొండల కింద జీడితోట ఉంది. ఆ ప్రాంతంలో ఎలుగుబంట్లు ఊళ్లమీదకి రావడం కొత్తేమీ కాదు. జీడిమామిడి, పనస పండే వేసవిలో మరీ ఎక్కువ. తెల్లవారుజామున తోటకి ఒంటరిగా వెళ్లినవాళ్ల మీద పడి ముఖాలు చీల్చిన సంగతులు అక్కడ ఎవర్ని అడిగినా చెబుతారు. యెతి అంటే ఎలుగుబంటే అని శాస్త్రవేత్తలు తేల్చారన్న వార్త పేపర్లో వచ్చినప్పుడు బావ ఒక మాటన్నాడు. "ఎలుగైతే ఏటి? ఎలుగంటే చిన్న విషయమా?" ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. ఈ ప్రయాణం అక్కడ పుట్టింది.

మొదటి రోజు: లుక్లా, ఫాక్‌డింగ్

సీజన్ రద్దీలో లుక్లా విమానాలు చాలావరకు ఖాట్మండు నుంచి కాకుండా రామెచాప్ జిల్లాలోని మంథలి నుంచి నడుస్తాయి. అందుకని అర్ధరాత్రి దాటగానే ఖాట్మండులో జీపెక్కాలి. ఘాట్ రోడ్డు మీద నాలుగైదు గంటలు, ఆ తరువాత గాల్లో ఇరవై నిమిషాల లోపే. లుక్లా రన్‌వే పొడవు 527 మీటర్లే. అది కూడా కొండవైపు ఎత్తుగా, దాదాపు 12 శాతం వాలుతో ఉంటుంది. దిగే విమానం ఎదురెక్కుతూ ఆగుతుంది, ఎగిరే విమానం పల్లానికి పరుగెడుతుంది. కిటికీలోంచి ఎదురుగా కొండే కనిపిస్తుంటే బావ కళ్లు మూసుకుని సింహాచలం అప్పన్నని తలుచుకున్నాడు.

మా గైడ్ దాయ్ (నేపాలీలో అన్న అని) థామే ఊరి షెర్పా. హిందీ బాగా వచ్చు. యెతి కోసం వచ్చామని చెబితే ఆయన నవ్వలేదు. "ముందు ఒంటికి ఎత్తు అలవాటు కానివ్వండి. కథలు దారిలో అవే వస్తాయి" అన్నాడు. దూధ్ కోసి నది పక్కనే మూడు గంటలు నడిచి ఫాక్‌డింగ్ చేరాం. లుక్లా కంటే ఇది పల్లం, సుమారు 2,610 మీటర్లు. మొదటి రాత్రికి నిద్ర బాగా పడుతుంది.

రెండో రోజు: నామ్చె బజార్

మోంజో దగ్గర సగర్మాథా నేషనల్ పార్క్ గేటు. ఈ పార్కు 1976లో ఏర్పడింది, 1979లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి వెళ్లింది. పర్మిట్లు చూపించే వరుసలో నిలబడి నేను బావకి ఇంకో పర్మిట్ సంగతి చెప్పాను. 1950ల చివర్లో యెతి వేట ఎంత ముదిరిందంటే నేపాల్ ప్రభుత్వం దానికి ప్రత్యేకంగా నియమాలు పెట్టింది. ఖాట్మండులోని అమెరికా రాయబార కార్యాలయం 1959 నవంబరులో తన ప్రభుత్వానికి రాసి పంపిన కాగితంలో అవి ఉన్నాయి. యెతిని వెతకాలంటే 5,000 రూపాయలు కట్టాలి. కనిపిస్తే ఫొటో తీయొచ్చు, ప్రాణంతో పట్టుకోవచ్చు. ప్రాణరక్షణకి తప్ప చంపకూడదు, కాల్చకూడదు. ఫొటోలు, దొరికిన ఆధారాలు ముందు నేపాల్ ప్రభుత్వానికి అప్పగించాలి.

ఉందో లేదో తెలియని జంతువుని చంపొద్దని రూలు రాసిన ప్రభుత్వం మీద నాకు గౌరవం కలిగింది. అప్పటికి ఖుంబు దారుల్లో ఏం జరుగుతోందో తెలిస్తే ఆ రూలు ఎందుకు అవసరమైందో అర్థమవుతుంది. 1951లో పర్వతారోహకులు ఎరిక్ షిప్టన్, మైకేల్ వార్డ్, వాళ్లతో ఉన్న షెర్పా సెన్ తెన్సింగ్ మెన్లుంగ్ హిమానీనదం మీద ఒక అడుగుజాడ చూశారు. పక్కన ఐసు గొడ్డలి పెట్టి ఫొటో తీశారు. పొడవు దాదాపు 13 అంగుళాలు, బొటనవేలు వెడల్పుగా, స్పష్టంగా ఉంది. ఆ ఒక్క ఫొటో ప్రపంచమంతా తిరిగింది. 1954లో లండన్ పత్రిక డెయిలీ మెయిల్ పెద్ద బృందాన్నే పంపింది. 1957 నుంచి టెక్సాస్ చమురు సంపన్నుడు టామ్ స్లిక్ డబ్బుతో వేటలు సాగాయి. వాళ్లు వెతికింది మనిషికీ కోతికీ మధ్య జంతువుని. షెర్పాలు చెప్పిన జంతువు అదేనా అన్నది వాళ్లలో ఎంతమంది అడిగారో నాకు అనుమానమే.

లార్జా దోభాన్ దగ్గర ఎత్తైన ఊగే వంతెన దాటాక నామ్చె దాకా ఎక్కుడే. 3,440 మీటర్లు. నామ్చె చేరేసరికి ఇద్దరికీ తల బరువెక్కింది. వెల్లుల్లి సూప్ తాగి, అన్నం పప్పులో ఇంటి నుంచి తెచ్చిన చింతకాయ పచ్చడి కలుపుకుని తిన్నాం. లాడ్జిలో పిడకల పొయ్యి చుట్టూ కూర్చున్నప్పుడు దాయ్ మొదటి కథ చెప్పాడు. వాళ్ల థామే లోయదే.

వెనకటి రోజుల్లో యెతులు చాలా ఉండేవట. పంటలు తొక్కేసేవి, పశువుల్ని ఎత్తుకుపోయేవి. ఊరివాళ్లు ఆలోచించి, అవి కొండమీద నుంచి చూస్తుండగా పొలంలో కూర్చుని ఛాంగ్ (ఇంట్లో కాచే ధాన్యపు కల్లు) తాగినట్టు నటించారు. ఆ తరువాత చెక్క కత్తులతో ఒకళ్లనొకళ్లు నరుక్కున్నట్టు ఆడారు. చీకటి పడగానే కుండల నిండా నిజమైన ఛాంగ్, నిజమైన కత్తులు అక్కడ వదిలి ఇళ్లకి పోయారు. యెతులు దిగి వచ్చి, పగలు చూసినదంతా చేశాయి. తాగి, నరుక్కుని చచ్చాయి. మిగిలిన ఒకటీ అరా పైకి పోయి మనుషులకి దూరంగా బతుకుతున్నాయి.

"అందుకే కనబడవు" అన్నాడు దాయ్.

బావ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "పంట కాపలా కాసినవాళ్ల కథరా ఇది" అన్నాడు నాతో. ఉద్దానంలో రాత్రుళ్లు డబ్బాలు వాయిస్తూ తోటలో కూర్చున్న మనిషి విన్న తీరు అది. నాకు తట్టని కోణం.

మూడో రోజు: ఖుమ్‌జుంగ్

ఎత్తుకి అలవాటు పడటానికి అందరూ నామ్చెలో ఒకరోజు ఆగుతారు. ఆ రోజు పైకెక్కి ఖుమ్‌జుంగ్ వెళ్లి రావచ్చు. స్యాంగ్‌బోచె మట్టి రన్‌వే దాటి, జునిపర్ పొదల మధ్య దిగితే కొండల నడుమ ఊరు కనిపిస్తుంది. అన్నీ పచ్చ కప్పులు, రాతి గోడలు, గోడల మధ్య బంగాళాదుంప మళ్లు. ఎత్తు 3,790 మీటర్లు. ఊరికి వెనక ఖుంబి యుల్ ల్హా, ఈ లోయ దేవుడు. 5,761 మీటర్ల ఆ కొండని ఎవరూ ఎక్కరు, ఎక్కనివ్వరు. ఆ దేవుడి పరివారంలో యెతి కూడా ఒకటని దాయ్ చెప్పాడు. యెతిని చూడటం మంచిది కాదని, అరిష్టమని ఇక్కడి నమ్మకం. ఫొటో కోసం ఎగబడే మనవాళ్లకి ఇది వింతగా ఉంటుంది కానీ, ఊరి దేవత ఊరేగింపుకి ఎదురు వెళ్లకూడదని మా నాయనమ్మ చెప్పిన మాట విన్నవాడిగా నాకు వింతనిపించలేదు.

గోంపా తలుపు తాళం వేసి ఉంది. తాళం చెవి ఉన్నాయనని పిలిపించారు. లోపల వెన్న దీపాలు, బుద్ధ విగ్రహాలు, గుడ్డల్లో చుట్టిన గ్రంథాలు. ఒక పక్కన ఇనప పెట్టె లాంటి బీరువా. విరాళం పెట్టాక తెరిచారు. అద్దం వెనక శంఖువు ఆకారంలో ఒక చర్మం. నడినెత్తి మీద నుంచి కిందికి ఎర్రటి, ముదురు గోధుమ రంగు వెంట్రుకలు గరుగ్గా ఉన్నాయి. కొన్నిచోట్ల రాలిపోయాయి.

బావ చాలా దగ్గరగా వంగి చూశాడు. "ఎలుగు బొచ్చు కాదిది. ఎలుగుది పొడుగ్గా, చిక్కు పడి ఉంటుంది. ఇది మేక జాతి దాని మెడమీది కేశంలా ఉంది" అన్నాడు.

శాస్త్రవేత్తలు 1960లో చెప్పింది దాదాపు అదే. ఆ ఏడాది ఎడ్మండ్ హిల్లరీ ఒక పెద్ద బృందంతో ఖుంబు వచ్చాడు. ఎత్తు ప్రదేశాల్లో మనిషి శరీరం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం ఒక పని, యెతి సంగతి తేల్చడం రెండో పని. ఈ నెత్తిని పరీక్షకి తీసుకెళ్తానని అడిగాడు. ఊరివాళ్లు ఊరికే ఇవ్వలేదు. ఆరు వారాల్లో తిరిగి రావాలి, ఊరి పెద్ద ఖుంజో చుంబి దానితోపాటు వెళ్లాలి అన్నారు. అలా ఒక షెర్పా పెద్దమనిషి, ఊరి నెత్తిని కాపాడుకుంటూ షికాగో, పారిస్, లండన్ తిరిగాడు. సీరో అనే కొండమేక లాంటి జంతువు చర్మాన్ని అచ్చులో సాగదీసి చేసిందని నిపుణులు తేల్చారు. హిల్లరీ బృందం సీరో చర్మంతోనే అలాంటి నమూనా చేసి చూపించింది కూడా.

ఖుంజో చుంబి ఏమన్నాడో ఇప్పటికీ చెప్పుకుంటారు. మా నేపాల్లో జిరాఫీలు, కంగారూలు లేవు కాబట్టి వాటి గురించి మాకు తెలియదు, మీ దేశంలో యెతులు లేవు కాబట్టి మీకు తెలియకపోవడంలో తప్పు లేదు అన్నాడట. మర్యాద తప్పకుండా, వెనక్కి తగ్గకుండా చెప్పిన సమాధానం అది. నెత్తిని చెప్పిన గడువులో ఊరికి తెచ్చి పెట్టారు. మరుసటి ఏడాది, 1961లో, హిల్లరీ ఇక్కడ స్కూలు కట్టించాడు. ఖుంబులో మొదటి తరం చదువుకున్నవాళ్లు చాలామంది ఆ స్కూలు పిల్లలే. మేం వెళ్లేసరికి మధ్యాహ్నం బెల్లు కొట్టారు, పిల్లలు మైదానంలోకి దూకారు.

సీరో చర్మమని తేలాక కూడా దాన్ని బీరువాలో పెట్టి పూజిస్తారెందుకని తాళం చెవి ఆయన్ని అడిగాను. దాయ్ అనువాదం చేశాడు. పండుగల్లో ఆ నెత్తిని పెట్టుకుని యెతి వేషం కట్టేవాళ్లు ఉండేవారట. "మా తాతలు పెట్టుకున్నది. అది చాలదా?" అన్నాడాయన. చాలు. మన పల్లెల్లో గ్రామదేవత జాతరకి తీసే పాత మొలతాళ్లు, గజ్జెలు ఏ లోహంతో చేశారని ఎవరూ ల్యాబుకి పంపరు.

నాలుగో రోజు: తెంగ్‌బోచె

ఫుంకి తెంగా దాకా దిగుడు, అక్కడి నుంచి తెంగ్‌బోచె దాకా ఆరువందల మీటర్ల ఎక్కుడు. దుమ్ము, జోప్క్యోల (జడలబర్రెకీ ఆవుకీ పుట్టిన బరువులు మోసే పశువుల) మందలు, ఎండ. అక్కడక్కడ దారి పక్కన హిమాలయన్ తార్ మేకలు నిలబడి చూస్తుంటాయి. బావకి ఊపిరి అందక ప్రతి మలుపులో ఆగాడు, నేను ఆయనకంటే ముందే ఆగాను.

తెంగ్‌బోచె గోంపాని 1916లో లామా గులు స్థాపించాడు. 1934 భూకంపంలో కూలింది. 1989 జనవరిలో కరెంటు మంటల్లో కాలింది. రెండుసార్లూ మళ్లీ కట్టారు. 1953లో ఎవరెస్ట్ బృందానికి నాయకుడైన జాన్ హంట్ ఇక్కడ ఆగినప్పుడు, ఒక పెద్ద లామా ఆయనకి యెతి గురించి చెప్పాడు. కొన్నేళ్ల కిందట మంచుకాలంలో అది పొదల్లోంచి వచ్చి మైదానంలో తిరిగిందట, ఒకసారి రెండు కాళ్ల మీద, ఒకసారి నాలుగు కాళ్ల మీద. ఒళ్లు గోక్కుందట. లామాలు శంఖాలు, పొడుగు బూరలు ఊదితే మెల్లగా అడవిలోకి పోయింది.

బావ ఈ కథని మళ్లీ చెప్పించుకున్నాడు. రెండు కాళ్ల మీద లేవడం, నాలుగు కాళ్ల మీద నడవడం, ఒళ్లు గోక్కోవడం, పెద్ద చప్పుడు వింటే పరుగెత్తకుండా మెల్లగా తప్పుకోవడం. "కళ్లారా చూసినోడే చెప్పాడు" అన్నాడు. సాయంత్రం అయిదింటికి గోంపాలో ప్రార్థన జరుగుతుంటే, పొడుగు బూరల మోత నేలలోంచి వచ్చినట్టుంది. ఆ మోతకి ఏ జంతువైనా వెనక్కి తిరుగుతుంది.

అయిదో రోజు: పాంగ్‌బోచె

ఈ రోజు నడక తక్కువ. దేబోచె రోడోడెండ్రాన్ అడవిలోంచి దిగి, ఇంజా ఖోలా మీద వంతెన దాటి, మళ్లీ ఎక్కితే పాంగ్‌బోచె. ట్రెక్కర్లు ఆగేది కింది ఊళ్లో. గోంపా ఉన్నది పై ఊళ్లో. చుట్టూ జునిపర్ చెట్లు, ఈ ఎత్తులో ఎక్కడా చూడనంత పెద్దవి. లామా సంగ్వా దోర్జె తన జుట్టు కత్తిరించి గాలిలో విసిరితే ఆ వెంట్రుకలే ఈ చెట్లయ్యాయని నమ్మకం. అందుకే వాటిని ఎవరూ నరకరు.

ఖుంబులో అన్నిటికంటే పాత గోంపా ఇదే, సంగ్వా దోర్జె పేరుతోనే ముడిపడింది. ఆయన ఇక్కడి గుహలో తపస్సులో ఉన్నప్పుడు ఒక యెతి వచ్చి సేవ చేసిందట. నీళ్లు, కట్టెలు, తిండి తెచ్చి పెట్టేది. అది చనిపోయినప్పుడు లామా దాని నెత్తి, చెయ్యి గుర్తుగా ఉంచుకున్నాడు. ఖుంబు కథల్లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. శ్రీకాళహస్తిలో సాలెపురుగు, పాము, ఏనుగు శివుణ్ణి కొలిచిన కథ వింటూ పెరిగినవాడికి, అడవి జంతువు తపసికి నీళ్లు మోసిందంటే వేరే వివరణ అక్కర్లేదు.

ఆ చెయ్యికి తరువాత జరిగింది రాయాలంటే కోపం వస్తుంది.

టామ్ స్లిక్ మనుషులు ఈ చేతిని చూసి పరీక్షకి అడిగారు. గోంపా ఒప్పుకోలేదు. 1959లో ఆ బృందంలోని పీటర్ బైర్న్ ఒక వేలి ఎముకలు తీసి, వాటి చోట మనిషి వేలి ఎముకలు కట్టిపెట్టాడు. ఆ ఎముకల్ని ఆయనకి సమకూర్చింది లండన్ శాస్త్రవేత్త ఆస్మన్ హిల్. సరిహద్దు దాటించిన వేలిని, అప్పుడు కలకత్తాలో ఉన్న హాలీవుడ్ నటుడు జేమ్స్ స్టీవార్ట్, ఆయన భార్య గ్లోరియా తమ సామానులో పెట్టుకుని లండన్ చేర్చారని బైర్నే చెప్పాడు. ఆమె లోదుస్తుల పెట్టెలో దాచారట, కస్టమ్స్ వాళ్లు అది తెరవరని. ఈ కథని సాహసంగా, సరదాగా చెప్పుకుంటారు. ఒక ఊరు తన గుడిలో పెట్టుకున్న వస్తువుని విరిచి, నకిలీది అతికించి, దొంగచాటుగా దేశం దాటించడంలో సరదా ఏముందో నాకు కనిపించలేదు.

మిగతా చెయ్యి కూడా దక్కలేదు. అమెరికా టీవీ కార్యక్రమంలో దాన్ని చూపించాక, 1990లలో, గోంపా నుంచి చేతినీ నెత్తినీ ఎవరో ఎత్తుకుపోయారు. ఇంతవరకు దొరకలేదు. లండన్‌లో ఉన్న వేలు రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ మ్యూజియం సేకరణలో బయటపడింది. 2011లో ఎడిన్‌బరా జూ శాస్త్రవేత్తలు డీఎన్ఏ పరీక్ష చేసి, అది మనిషి వేలని చెప్పారు. అదే ఏడాది న్యూజిలాండ్ పైలట్ మైక్ ఆల్సప్, అక్కడి వెటా వర్క్‌షాప్‌లో చేయించిన నమూనాల్ని తీసుకుని ఇక్కడికి వచ్చి గోంపాకి ఇచ్చాడు. మేం చూసింది ఆ నమూనాల్నే. నల్లబడిన సన్నని వేళ్లు, అరచేతి ఎముకలు.

గోంపా చూసుకునే పెద్దావిడ మాకు ఉప్పు, వెన్న వేసిన టీ ఇచ్చింది. చిన్నప్పుడు అసలు చెయ్యి చూశానంది. అది పోయాక ఊరికి సందర్శకులు తగ్గారని, వాళ్లు పెట్టే విరాళాలతోనే గోంపా మరమ్మతులు జరిగేవని చెప్పింది. మనిషి వేలని తేలింది కదా అని నేను మెల్లగా అడిగాను. ఆవిడ దాయ్‌తో ఏదో చెప్పింది, ఆయన నాకు చెప్పాడు. "మనిషిదైతే ఇంకా తప్పు కదా. మనిషి ఎముకని అడగకుండా తీసుకుపోతారా అంటోంది."

బావ లేచి, చెప్పులు విడిచిన చోటు నుంచే ఆవిడకి దండం పెట్టాడు.

ఆరో రోజు: ఫోర్త్సె

పాంగ్‌బోచె నుంచి ఫోర్త్సెకి కొండ అంచున పై దారి ఉంది. ఒకవైపు గోడలా కొండ, ఇంకోవైపు ఇంజా ఖోలా దాకా లోయ. జనం తక్కువ. తార్ మందలు, నేపాల్ జాతీయ పక్షి డాంఫె జంటలు కనిపించాయి. ఫోర్త్సె ఊరి మగవాళ్లలో ఎవరెస్ట్ ఎక్కనివాళ్లని వెతుక్కోవాలని దాయ్ అన్నాడు.

లాడ్జి దీదీ భర్త ఎలుగు గురించి చెప్పాడు. పార్కు అడవుల్లో నల్ల ఎలుగుబంట్లున్నాయి. మక్క, ఆపిల్ ఉన్న కింది ఊళ్లలో వాటి బెడద ఎక్కువ. బావ తన ఫోన్లో జీడితోటలో తీసిన ఎలుగు జాడల ఫొటో చూపించాడు. నేలమీద కూర్చుని ఇద్దరూ వేళ్లతో జాడలు గీసుకున్నారు. భాష అక్కర్లేకపోయింది.

ఎలుగు నడిచేటప్పుడు వెనకకాలు ముందుకాలి జాడ మీద, లేదా కాస్త కిందికి పడుతుంది. రెండు జాడలు కలిసి ఒకే పొడుగైన జాడ అవుతుంది. నాలుగు కాళ్ల జంతువు రెండు కాళ్లతో నడిచినట్టుంటుంది. మంచులో అయితే ఎండకి అంచులు కరిగి అది ఇంకా పెద్దదవుతుంది. 2019 ఏప్రిల్‌లో మకాలు బేస్ క్యాంప్ దగ్గర 32 అంగుళాల పొడుగున్న యెతి జాడలు చూశామని మన భారత సైన్యం ఫొటోలు పెట్టినప్పుడు, చాలామంది జంతుశాస్త్రవేత్తలు ఇచ్చిన వివరణ ఇదే.

బావ ఇంకోటి చెప్పాడు. ఎలుగుకి మనలా లోపలివైపు బొటనవేలు పెద్దది కాదు, బయటివైపు వేలే పెద్దది. అంటే దాని ఎడమపాదం జాడ మన కుడిపాదంలా కనిపిస్తుంది. యెతి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని, జాడ పట్టుకుని వెళ్తే దానికి దూరమవుతామని షెర్పాలు చెబుతారు. ఆ నమ్మకం ఈ తారుమారు నుంచే పుట్టి ఉంటుందని నా ఊహ. జాడ చదవడం తెలిసిన మనుషులే ఆ తేడాని పట్టుకోగలరు.

ఏడు, ఎనిమిది రోజులు: దోలె, మచ్ఛెర్మో

ఫోర్త్సె నుంచి నదిలోకి దిగి, గోక్యో లోయ పడమటి ఒడ్డుకెక్కాం. దోలెలో రాత్రి చలికి నీళ్ల సీసా గడ్డకట్టింది. నాకు తలనొప్పి, బావకి ఆకలి పోయింది. అంతకంటే చెప్పుకోవలసింది లేదు. మరుసటి రోజు లుజా మీదుగా మచ్ఛెర్మో, సుమారు 4,470 మీటర్లు. ఒకప్పుడు ఇవి పశువుల్ని వేసవిలో మేపే కొట్టాలే, ఊళ్లు కావు. ఇప్పుడు లాడ్జిలున్నాయి, ట్రెక్కర్లకీ పోర్టర్లకీ వైద్యం చేసే రెస్క్యూ పోస్టు ఉంది.

1974లో జడలబర్రెలు కాస్తున్న అమ్మాయిని వెనకనుంచి ఏదో ఎత్తి వాగు వైపు విసిరేసింది. తెలివి తప్పింది. లేచి చూసేసరికి బర్రెలు మెడలు విరిగి చచ్చి పడున్నాయి. నామ్చె నుంచి పోలీసులు వచ్చి చూశారు. నల్లగా, ఎర్రగా బొచ్చు ఉందని, రెండు కాళ్ల మీదా నాలుగు కాళ్ల మీదా కదిలిందని ఆమె చెప్పింది. ఎక్కడ జరిగిందో దాయ్ చెయ్యి చాపి చూపించాడు. గడ్డి మైదానం, మధ్యలో వాగు, రాతి కంచె.

షెర్పాలు యెతుల్లో రకాలు చెబుతారు. మెహ్ తెహ్ చిన్నది, మనిషిలా ఉంటుంది. జు తెహ్ పెద్దది, పశువుల్ని తినేది. జు తెహ్ అంటే టిబెట్ వైపుండే గోధుమ రంగు ఎలుగేనని షెర్పాలే చాలాకాలంగా చెబుతూ వచ్చారు. 1986లో తూర్పు టిబెట్‌లో చీకట్లో పెద్ద జంతువు ఎదురుపడిన పర్వతారోహకుడు రైన్‌హోల్డ్ మెస్నర్, ఏళ్ల తరబడి తిరిగి అదే నిర్ణయానికొచ్చాడు. 2017లో అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయంలో షార్లెట్ లిండ్‌క్విస్ట్ బృందం యెతివని చెప్పే 9 నమూనాల డీఎన్ఏ చదివింది. ఎముక, పన్ను, చర్మం, వెంట్రుకలు. ఎనిమిది ఎలుగులవి, ఒకటి కుక్కది. ఎనిమిదిలో ఆరు టిబెట్ గోధుమ ఎలుగులవి.

ఈ ఫలితం వచ్చినప్పుడు యెతి లేదని తేలిపోయిందని రాశారు. మచ్ఛెర్మో గడ్డిలో నిలబడితే అది సగం మాటే అనిపించింది. పశువుని చంపేది, రెండు కాళ్ల మీద లేచేది, చప్పుడు చేస్తే తప్పుకునేది, జాడ తారుమారుగా వదిలేది, కనబడితే కీడు చేసేది ఒకటుందని ఈ ఊళ్లు తరాలుగా చెప్పాయి. అది ఉంది. ఖుంబువాళ్లు దాన్ని దేవుడి పరివారంలో చేర్చి, పిల్లలకి కథ చేసి, దానికి ఎదురు వెళ్లకుండా బతికారు. లేనిది బయటివాళ్లు కోరుకున్న వానర మనిషి. దొరకలేదని వాళ్లు వెళ్లిపోయారు, వెళ్తూ ఒక వేలు పట్టుకుపోయారు.

మెహ్ తెహ్ సంగతో? దాయ్‌ని అడిగాను. "మా నాన్న ఈల లాంటి కూత విన్నాడు. నేను వినలేదు. విన్నవాళ్లు అబద్ధం చెప్పే మనుషులు కారు" అన్నాడు. నేను ఇంకేమీ అడగలేదు. ఈ లోయలో మంచుచిరుతలు కొన్ని దశాబ్దాలు కనబడకుండా పోయి, 2000ల మొదట్లో మళ్లీ వచ్చాయి. అంత పెద్ద జంతువు వచ్చీ పోయే చోట, ఒక కూత ఎవరిదో తెలియకపోవడానికి నాకు అభ్యంతరం లేదు.

తిరుగు దారి

మచ్ఛెర్మో నుంచి నామ్చెకి, నామ్చె నుంచి లుక్లాకి దిగుడు తొందరగానే అయిపోయింది. లుక్లాలో మబ్బు పట్టి విమానాలు ఆగాయి. ఆ మధ్యాహ్నమంతా బావ, దాయ్ కలిసి లెక్కలు వేసుకున్నారు. ఎలుగు మనిషిని గాయపరిస్తే నష్టపరిహారం మా దగ్గర ఎలా వస్తుంది, మీ దగ్గర ఎలా వస్తుంది, పశువు చస్తే ఎంత, ఎన్నిసార్లు ఆఫీసుల చుట్టూ తిరగాలి. వచ్చే వేసవిలో జీడి కోతకి ఉద్దానం రమ్మని దాయ్‌ని పిలిచాడు.

ఈ దారిలో వెళ్లేవాళ్లకి ఒక మాట. తెంగ్‌బోచె నుంచి దింగ్‌బోచె వెళ్లే ముఖ్యదారి కింది పాంగ్‌బోచె మీదుగా పోతుంది. గోంపా అక్కడ కనబడదు. చాలామంది గైడ్లు ఆపకుండా తీసుకెళ్లిపోతారు. పై ఊరికి ఎక్కాలని ముందే చెప్పండి. తాళం ఉంటే ఊళ్లో అడగండి, ఎవరో ఒకరు వచ్చి తీస్తారు. ఫొటో తీసే ముందు అడగండి. విరాళం పెట్టండి. ఆ చెయ్యి ఎవరి దగ్గర ఉందో తెలిసినవాళ్లు ఎక్కడైనా ఉంటే, అది చేరవలసిన చోటు ఆ జునిపర్ చెట్ల మధ్య ఉన్న గోంపా.